కమ్యూనిటీ హెల్త్ సెంటర్ డిస్కౌంట్ మందులు: ఆర్కాన్సా నుంచి నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా. క్లినిక్‌కి నాలుగున్నర స్టార్లు, మందుల షాపుకి మూడు, ఈ రెండింటినీ విడిపోకుండా పట్టి ఉంచిన రాష్ట్ర చట్టానికి ఐదుకి ఐదు. చట్టానికి స్టార్లేంటి, ఇదేమన్నా బిర్యానీ పాయింటా అంటారేమో, అది లేకపోతే మిగతా రెండింటికీ నేను ఒక్క స్టారు కూడా ఇచ్చేదాన్ని కాదు.

మేముండేది అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రం, బెంటన్‌విల్‌లో. వాల్‌మార్ట్ హెడ్డాఫీసు ఊరు కాబట్టి ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామంది ఐటీ వాళ్ళే, కంపెనీ ఇన్సూరెన్స్ ఉంటుంది, మందుల చీటీ ఫోన్లోంచి ఫార్మసీకి వెళ్ళిపోతుంది, పది ఇరవై డాలర్ల కోపే (మన వంతు వాటా) కట్టి ఇంటికొచ్చేస్తారు. అందుకే ఈ క్లినిక్ గురించి మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక్క మెసేజ్ కూడా కనపడదు. కానీ ఇక్కడున్న తెలుగువాళ్ళందరూ ఐటీ కాదు కదా. మా బాబాయి స్ప్రింగ్‌డేల్ వైపు ఒక మోటెల్‌లో ఫ్రంట్ డెస్క్ చూస్తాడు, ఎక్కువగా నైట్ షిఫ్టు. గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్ళు నిండలేదు కాబట్టి తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకిచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్స్ మెడికెయిడ్‌కి అర్హత లేదు, మోటెల్ ఓనరు ఇన్సూరెన్స్ ఇవ్వడు, ఎవరికి వాళ్ళు ఇన్సూరెన్స్ కొనుక్కునే ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో ప్లాన్ తీసుకుందాం అనుకునేసరికి ఎన్‌రోల్‌మెంట్ గడువు దాటిపోయింది. షుగరు మాత్రం వీసా స్టేటస్ అడిగి రాదుగా, అది ఇండియాలో ఉన్నప్పటినుంచీ ఉంది.

మెట్‌ఫార్మిన్‌తో ఇబ్బంది లేదు. వాల్‌మార్ట్ 2006లోనే నాలుగు డాలర్ల జెనరిక్ లిస్టు మొదలుపెట్టింది, అలాంటి పాత మందులు ఎవరైనా కొనుక్కోగలరు. ఇన్సులిన్ కూడా మునుపంత భయపెట్టడం లేదు, 2023లో ఎలై లిల్లీ లాంటి కంపెనీలు నెలకి 35 డాలర్ల పరిమితి పెట్టుకున్నాయి. తంటా అంతా మధ్యలో వచ్చిన కొత్త మాత్రలతోనే. డాక్టరు బాబాయికి కిడ్నీ కాస్త జాగ్రత్తగా చూసుకోవాలని జార్డియన్స్ రాశాడు. దాని లిస్టు ధర 2023 లెక్క ప్రకారం నెలకి 573 డాలర్లు. పెద్ద వయసు వాళ్ళకిచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్స్ మెడికేర్ వాళ్ళు బేరమాడి దాన్ని 2026 జనవరి నుంచి 197కి దించారు, కానీ ఆ ధర మెడికేర్ ఉన్నవాళ్ళకే, బాబాయికి ఇంకా ఆ వయసు రాలేదు. కౌంటర్ దగ్గర ధర విన్నాక వెనక్కి తిరిగి నన్ను అడిగాడు, "అమ్మడూ, ఇది నెలకా, సంవత్సరానికా?"

ఎలాగో ఒక నెల కొన్నాడు. ఆ తర్వాత పిన్ని ఫోన్ చేసి, "మీ బాబాయి ఆ మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటున్నాడే, నేను చెబితే వినట్లేదు, నువ్వైనా చెప్పు" అంది. చెబితే ఏం లాభం, డబ్బుల్లేక రోజు విడిచి రోజు మాత్ర మానేసే మనిషికి ఆరోగ్యం మీద లెక్చర్ ఇచ్చి. అప్పుడు నాతో పనిచేసే ఒకావిడ ఈ కమ్యూనిటీ హెల్త్ సెంటర్ సంగతి చెప్పింది.

క్లినిక్ గురించి. పేరు రాయడం లేదు, కింద కొన్ని తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి. ఇలాంటి ఫెడరల్ గ్రాంటుతో నడిచే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు దేశమంతా ఉన్నాయి, డబ్బు కట్టలేరని ఎవరినీ వెనక్కి పంపకూడదన్నది వాటికున్న షరతు. ఫీజు మన ఆదాయాన్ని బట్టి ఉంటుంది, స్లైడింగ్ ఫీ స్కేల్ అంటారు. ఫెడరల్ పావర్టీ లైన్, అంటే కేంద్ర ప్రభుత్వం గీసిన పేదరికపు గీత లోపు ఆదాయం ఉంటే నామమాత్రపు ఫీజు, ఆ లైన్‌కి రెండింతల దాకా పాక్షిక డిస్కౌంటు, అది దాటితే డిస్కౌంటు లేదు. 2025లో ఇద్దరున్న ఇంటికి ఆ లైన్ 21,150 డాలర్లు, నలుగురికి 32,150. అంటే నలుగురున్న ఇంట్లో ఏడాదికి 64,300 దాకా సంపాదించినా ఎంతోకొంత తగ్గుతుంది. మన వాళ్ళు చాలామంది "అది పేదవాళ్ళకి, మనకెందుకు" అని ఆ గుమ్మం ఎక్కరు, కానీ రెస్టారెంట్‌లో, గ్యాస్ స్టేషన్‌లో, మోటెల్‌లో పనిచేసే కుటుంబాలు ఎన్నో ఈ లెక్కలోకి వస్తాయి.

రిజిస్ట్రేషన్‌కి అడిగినవి పే స్టబ్‌లు, పోయినేడు ట్యాక్స్ రిటర్న్, అడ్రస్ ప్రూఫ్. ఇమిగ్రేషన్ పేపర్లు అడగలేదు. బాబాయి తన అలవాటు కొద్దీ పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు, పెళ్ళినాటి సర్టిఫికెట్ కూడా ఫైల్లో పెట్టుకుని వచ్చాడు, వాటి వంక ఎవరూ చూడలేదు, అదొక్కటే ఆయనకి కాస్త నిరాశ. వెయిటింగ్ హాల్లో బోర్డులు ఇంగ్లీషు, స్పానిష్, మార్షలీస్‌లో ఉన్నాయి. తెలియనివాళ్ళకి చెబుతున్నా, మార్షల్ దీవుల నుంచి వచ్చినవాళ్ళు స్ప్రింగ్‌డేల్‌లో వేలమంది ఉంటారు, చాలామంది కోళ్ళ ఫ్యాక్టరీల్లో పనిచేస్తారు, వాళ్ళలో షుగరు బాగా ఎక్కువ. అందువల్లేమో ఇక్కడి డాక్టర్లకి షుగరు గురించి ఓపిగ్గా చెప్పడం బాగా అలవాటైనట్టుంది. బాబాయికి ఫోన్లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని కూడా కలిపారు. ఆయన "తమరు దినమునకు ఎన్ని పర్యాయములు మూత్ర విసర్జన చేయుచున్నారు" అని మొదలుపెట్టేసరికి బాబాయి నవ్వు ఆపుకోలేక నా వైపు తిరిగి, "నాకు ఇంగ్లీషులోనే బాగా అర్థమవుతోందే" అన్నాడు. అయినా ఉచితంగా ఇంత దూరం ఆలోచించినందుకు వాళ్ళకి దణ్ణం పెట్టాలి.

డాక్టరు ఇచ్చిన టైము, నర్సు పాదాలు చూసిన పద్ధతి, ల్యాబ్ రిపోర్టు మళ్ళీ మళ్ళీ అడగకుండానే రావడం, అన్నీ బాగున్నాయి. అర స్టారు ఎందుకు తగ్గించానంటే ఫోన్. రిసెప్షన్‌కి ఫోన్ చేస్తే ఆ హోల్డ్ మ్యూజిక్ వింటూ వంట చేసేయొచ్చు, తినేయొచ్చు, గిన్నెలు కూడా కడిగేయొచ్చు.

ఇక మందుల సంగతి, అసలు ఈ రివ్యూ రాయడానికి కారణం. ఆదాయ పత్రాలు చూశాక బాబాయికి ఒక కార్డు ఇచ్చారు. ఆ కార్డుతో జార్డియన్స్ రెండంకెల ధరలో వచ్చింది. మూడంకెలు కాదు, రెండంకెలు. 573కి బదులు. నాకు మొదట నమ్మకం కలగలేదు, ఇదేదో కూపన్ మోసమేమో, మూడు నెలల తర్వాత అసలు బిల్లు ఇంటికొస్తుందేమో అని టెన్షన్ పడ్డాను. అలాంటిదేం లేదు, దీని వెనక 340బి అనే ప్రోగ్రామ్ ఉంది. పేరు వింటే ఇమిగ్రేషన్ ఫారంలా ఉంటుంది కానీ అది పబ్లిక్ హెల్త్ సర్వీస్ యాక్ట్‌లో ఒక సెక్షన్ నంబరు, అంతే.

కథ క్లుప్తంగా. 1990లో అమెరికన్ కాంగ్రెస్ ఒక రూలు పెట్టింది, మందుల కంపెనీలు బయట ఎవరికైనా తక్కువకి అమ్మితే ఆ మేరకు మెడికెయిడ్‌కి కూడా తగ్గించాలని. ఉద్దేశం మంచిదే. కానీ కంపెనీలు ఏం చేశాయంటే, అప్పటిదాకా పేదల ఆసుపత్రులకి ఇస్తున్న తగ్గింపు ధరలు ఆపేశాయి, ఎందుకంటే అవి ఇస్తే మెడికెయిడ్‌కి కూడా ఇవ్వాల్సి వస్తుంది. దాన్ని సరిదిద్దడానికి 1992లో పెద్ద బుష్ ప్రెసిడెంట్‌గా ఉండగా 340బి వచ్చింది: మెడికెయిడ్‌కి మందులు అమ్మాలనుకునే కంపెనీ పేదలకి వైద్యం చేసే క్లినిక్‌లకీ, కొన్ని రకాల ఆసుపత్రులకీ తక్కువ ధరకి ఇవ్వాల్సిందే. బ్రాండెడ్ మందు మీద తగ్గింపు కనీసం 23.1 శాతం, జెనరిక్ మీద 13. కంపెనీ ఏటేటా ద్రవ్యోల్బణాన్ని మించి ధర పెంచుకుంటూ పోతే ఆ పెంచినదంతా కూడా తగ్గింపులోనే కలుస్తుంది, అలా కొన్ని మందుల ధర ఒక్క సెంటుకి పడిపోతుంది. అవును, ఒక్క సెంటు. ప్రభుత్వం డబ్బు పెట్టట్లేదు ఇందులో, తగ్గించేది కంపెనీలే, అందుకే వాళ్ళకి అంత మంట.

ఇప్పుడు షాపు దగ్గరికి వద్దాం. క్లినిక్‌కి సొంత ఫార్మసీ ఒకటుంది, సాయంత్రం ఐదుకల్లా మూసేస్తారు, వారాంతం లేదు. నైట్ షిఫ్టు చేసి పొద్దున పడుకుని లేచే మనిషికి అది ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. బాబాయికి కుదిరింది మోటెల్‌కి దగ్గర్లో ఉన్న మామూలు మందుల షాపు, క్లినిక్ దానితో ఒప్పందం చేసుకుంది, కాంట్రాక్ట్ ఫార్మసీ అంటారు. రాత్రి డ్యూటీకి వెళ్ళే దారిలో ఆగి తీసుకుంటాడు. ఇది ఎలా పనిచేస్తుందో అక్కడి ఫార్మసిస్టు ఒకరోజు రద్దీ లేనప్పుడు చెప్పాడు. మందు షాపు తన అల్మారాలోంచే ఇస్తుంది. ఈ చీటీ క్లినిక్ పేషెంట్‌దే అని తర్వాత లెక్కల్లో తేలాక, ఆ ఖాళీ నింపడానికి క్లినిక్ 340బి ధరకి ఆర్డరు పెడుతుంది. బిల్లు క్లినిక్‌కి వెళ్తుంది, సరుకు షాపుకి వస్తుంది. అల్మారాలో 340బి డబ్బా, మామూలు డబ్బా అని విడివిడిగా ఏమీ ఉండవు, తేడా అంతా కంప్యూటర్‌లోనే.

ఆ తేడా కంప్యూటర్‌లోనే ఉండటం వల్ల వచ్చిన గొడవ చెబుతా. రెండో నెల రీఫిల్‌కి వెళ్తే కౌంటర్‌లో కొత్త అమ్మాయి, కార్డు చూపించేలోపే చీటీని క్యాష్ ధరకి కొట్టేసింది. స్క్రీన్ మీద ఐదొందల పైన నంబరు చూసి బాబాయి మారుమాట్లాడకుండా బయటికొచ్చేశాడు. గొడవ పడటం ఆయనకి చేతకాదు, అవమానంగా ఫీలయ్యాడు. మర్నాడు నేను వెంట వెళ్ళి కార్డు చూపిస్తే, "మా సిస్టంలో ఈ ప్లాన్ లేదు, క్లినిక్‌కి ఫోన్ చేయండి" అన్నారు. క్లినిక్ ఫోన్ సంగతి పైన చెప్పానుగా. చివరికి ఆ పాత ఫార్మసిస్టు వచ్చి, కార్డు వెనకాల ఉన్న బిన్ నంబరూ గ్రూప్ నంబరూ మళ్ళీ ఎంటర్ చేసి, క్యాష్ క్లెయిమ్ తీసేసి తిరిగి కొడితే పాత ధర వచ్చింది. చేతి వేళ్ళతో చేసే పని అది, రెండు నిమిషాలు పట్టలేదు. కానీ నేను వెళ్ళకపోయి ఉంటే బాబాయి మళ్ళీ రోజు విడిచి రోజు మాత్రకి వచ్చేసేవాడు. అందుకే షాపుకి మూడే స్టార్లు. ఆ ఫార్మసిస్టుకి విడిగా ఇవ్వొచ్చంటే ఐదు ఇస్తా.

సరే, చట్టం ఎక్కడినుంచి వచ్చింది మధ్యలో? ఆ ఫార్మసిస్టే అన్నాడు, "ఆర్కాన్సాలో ఉన్నారు కాబట్టి ఇదంతా నడుస్తోంది" అని. ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టా, చదివేకొద్దీ మతిపోయింది.

1992 చట్టం క్లినిక్‌కి తక్కువ ధరకి అమ్మాలంది గానీ, ఆ మందు ఏ షాపు ద్వారా పేషెంట్ చేతికి చేరాలో చెప్పలేదు. సొంత ఫార్మసీ పెట్టుకునే స్తోమత అన్ని క్లినిక్‌లకీ ఉండదు కదా, అందుకే 1996లో ప్రభుత్వం బయటి షాపు ఒకదానితో ఒప్పందం పెట్టుకోవచ్చంది, 2010లో ఎన్నింటితోనైనా పెట్టుకోవచ్చంది. అయితే ఇవి మార్గదర్శకాలే, చట్టం కాదు. ఆ సందు చూసుకుని 2020లో, సరిగ్గా కోవిడ్ మధ్యలో, ఎలై లిల్లీ, ఆస్ట్రాజెనెకా, సనోఫీ, నొవార్టిస్ ఒకదాని వెనక ఒకటి షరతులు పెట్టడం మొదలుపెట్టాయి: బయటి షాపులకి పంపం, లేదా ఒక్క షాపుకే పంపుతాం, లేదా మీ క్లెయిముల డేటా మాకిస్తేనే పంపుతాం, ఇలా. తర్వాత ఇంకా చాలా కంపెనీలు అదే దారి పట్టాయి. ఫెడరల్ ప్రభుత్వం తప్పని లెటర్లు రాసింది, కంపెనీలు కోర్టుకెక్కాయి, 2023 జనవరిలో థర్డ్ సర్క్యూట్, 2024 మేలో డీసీ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీలు కోర్టులు కంపెనీల వైపే మొగ్గాయి. షరతులు పెట్టకూడదని ఆ చట్టంలో ఎక్కడా లేదు కదా అన్నది ఆ కోర్టుల మాటల సారం. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్న సామెత ఇంతకన్నా బాగా ఎక్కడా అతకదు. డిస్కౌంటు కాగితం మీద అలాగే ఉంది, మందు మాత్రం మోటెల్ పక్క షాపుకి రాదు.

ఇక్కడే రాష్ట్రం అడుగు పెట్టింది. ఆర్కాన్సా 2021లో యాక్ట్ 1103 తెచ్చింది, దేశంలో ఇలాంటి చట్టం చేసిన మొదటి రాష్ట్రం ఇదే. కోళ్ళ ఫారాలూ వాల్‌మార్టూ తప్ప ఏముంది ఇక్కడ అని డల్లాస్‌లో ఉన్న మా కజిన్స్ ఎప్పుడూ ఏడిపిస్తుంటారు, ఇదిగో ఇదుంది. చట్టం చెప్పేది సూటిగానే ఉంది: ఆర్కాన్సాలో ఉన్న మందుల షాపు 340బి క్లినిక్‌తో ఒప్పందంలో ఉంటే, ఆ షాపుకి మందు పంపం అని గానీ, ఆ ధర వర్తించదని గానీ తయారీదారు అనకూడదు. ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున మందుల లెక్కలు చూసే పీబీఎంలు కూడా, 340బి షాపు కదా అని తక్కువ చెల్లించకూడదు. అమలు బాధ్యత రాష్ట్ర ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్‌ది.

కంపెనీల సంఘం ఫార్మా ఊరుకుంటుందా, ఇన్సూరెన్స్ కమిషనర్ ఆలన్ మెక్‌క్లెయిన్ మీద కేసు వేసింది. ఫెడరల్ ప్రోగ్రామ్‌లో రాష్ట్రం వేలు పెట్టడమేంటని. జిల్లా కోర్టులో ఓడింది, 2024 మార్చిలో ఎయిత్ సర్క్యూట్ అప్పీలు కోర్టులో ఓడింది. ఆ తీర్పు నేను చదివాను, లాయర్ కాని వాళ్ళకి కూడా అర్థమయ్యేలానే ఉంది. మందుల షాపుల నియంత్రణ ఎప్పటినుంచో రాష్ట్రాల పని, మందు ఎలా చేరవేయాలన్నది ఫెడరల్ చట్టం చెప్పకుండా వదిలేసింది, ఆ ఖాళీలో రాష్ట్రం నియమం పెట్టుకుంటే తప్పులేదు, ధర ఎంతన్నది రాష్ట్రం ముట్టుకోవడం లేదు, డెలివరీ సంగతే చూస్తోంది, అని. 2024 డిసెంబరులో సుప్రీం కోర్టు ఆ కేసు వినడానికి కూడా ఒప్పుకోలేదు. చూశారా, ఫెడరల్ చట్టం మౌనంగా ఉందన్న పాయింటే అక్కడ కంపెనీలని గెలిపించింది, ఇక్కడ ఓడించింది. నాకు మాత్రం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా నచ్చిన భాగం అదే.

ఈ రాష్ట్రానికి ఇలాంటి తగాదాలు కొత్త కాదు లెండి. చిన్న మందుల షాపులకి కొన్న ధర కన్నా తక్కువ చెల్లిస్తున్నారని 2015లో పీబీఎంల మీద యాక్ట్ 900 తెచ్చింది, అది సుప్రీం కోర్టు దాకా వెళ్ళి 2020 డిసెంబరులో 8-0తో గెలిచింది. 2025లో మరీ ముందుకెళ్ళి పీబీఎంలు సొంతంగా మందుల షాపులు నడపకూడదని ఇంకో చట్టం చేసింది, దాన్ని మాత్రం ఫెడరల్ జడ్జి ఆపేశాడు. గెలుపోటములు ఎలా ఉన్నా, ఊళ్ళో మందుల షాపు బతకాలన్న పట్టుదల ఇక్కడ రెండు పార్టీల వాళ్ళలోనూ కనిపిస్తుంది. పల్లెల రాష్ట్రం కదా, ఉన్న ఒక్క షాపు మూతపడితే పక్క ఊరికి అరగంట డ్రైవ్ చేయాలి.

ఇప్పుడు అవతలి వైపు కూడా చెప్పాలి, లేకపోతే ఇది రివ్యూ కాదు భజన అవుతుంది. ఫార్మా కంపెనీలు అనే మాటల్లో కొంత నిజం ఉంది. 340బి చట్టంలో, తక్కువకి కొన్న మందుని పేషెంట్‌కి తక్కువకే ఇవ్వాలన్న నిబంధన లేదు. 2023లో ఈ ప్రోగ్రామ్ కింద కొన్న మందుల విలువ 66.3 బిలియన్ డాలర్లు, అందులో సింహభాగం పెద్ద ఆసుపత్రులదే. ఆసుపత్రి తక్కువకి కొని, ఇన్సూరెన్స్‌కి పూర్తి ధర వేసి, మిగిలింది ఎక్కడ ఖర్చు పెట్టిందో చెప్పాల్సిన పని కూడా పెద్దగా లేదు. పెద్ద చెయిన్ ఫార్మసీలు కూడా ఈ ఒప్పందాల్లో తమ వాటా తాము తీసుకుంటాయి. కమ్యూనిటీ హెల్త్ సెంటర్ల విషయం వేరు, వాళ్ళు మిగిలిన ప్రతి డాలరూ తిరిగి పేషెంట్ల సేవలకే వాడాలి, గ్రాంటు షరతు అది. మా క్లినిక్‌లో నర్సు పాదాలు చూడ్డం, ఆ గ్రాంథికం మాట్లాడే ఇంటర్‌ప్రెటర్, ఇవన్నీ కొంతవరకు ఆ డబ్బే అనుకుంటా. నా అభిప్రాయం అడిగితే, ఆసుపత్రుల లెక్కలు బయటపెట్టమని చట్టం చేయండి, ఎవరొద్దన్నారు. దొంగతనం ఒకచోట జరుగుతోందని బాబాయి షాపుకి మందు ఆపడం ఏం న్యాయం? కంపెనీ షరతు పెట్టినప్పుడు ముందు దెబ్బ తగిలేది లెక్కలు దాచే ఆసుపత్రికి కాదు, సొంత ఫార్మసీ పెట్టుకోలేని చిన్న క్లినిక్‌కి.

యాక్ట్ 1103లో లోపాలు కూడా ఉన్నాయి. అది ఆర్కాన్సాలో ఉన్న షాపులకే. మనకి మిస్సోరీ బోర్డరు కూతవేటు దూరం, గీత దాటితే అక్కడి చట్టం వేరు. మిస్సోరీ 2024లో తనదంటూ ఒకటి చేసుకుంది, లూసియానా 2023లోనే చేసింది, మిస్సిసిపి, మిన్నెసోటా, మేరీలాండ్, కాన్సస్, వెస్ట్ వర్జీనియా అదే 2024లో వచ్చాయి, ఇప్పుడు ఇలాంటి చట్టాలున్న రాష్ట్రాలు 20 దాటాయి. కానీ అన్నీ ఒకేలా నిలబడలేదు, వెస్ట్ వర్జీనియా చట్టాన్ని 2024 డిసెంబరులో ఫెడరల్ జడ్జి ఆపేశాడు. అంటే ఒకే కంపెనీ, ఒకే మాత్ర, ఒకే జబ్బు, ఏ రాష్ట్రంలో ఉన్నావన్నదాన్ని బట్టి పక్క షాపులో దొరకడమా, దొరకకపోవడమా. మీరు వేరే రాష్ట్రంలో ఉంటే నా రివ్యూ చూసి షాపుకి పరిగెత్తకండి, ముందు క్లినిక్‌కి ఫోన్ చేసి "మీ కాంట్రాక్ట్ ఫార్మసీలు ఏవి, నా మందు అక్కడ 340బి ధరకి వస్తుందా" అని మందు పేరు చెప్పి అడగండి. మందు పేరు చెప్పడం ముఖ్యం, ఎందుకంటే షరతులు కంపెనీని బట్టి మారతాయి.

ఇది ఎవరికి పనికిరాదో కూడా చెప్పేస్తా, ఎందుకంటే నేను గ్రూపులో రెండు ముక్కలు రాయగానే ముగ్గురు "నాకూ కార్డు ఇప్పించవా" అని అడిగారు. కంపెనీ ఇన్సూరెన్స్ ఉండి మంచి జీతం వస్తుంటే మీకు పెద్దగా తేడా ఉండదు, మీ కోపే మీదే. బయటి డాక్టరు రాసిన చీటీ తీసుకెళ్ళి ఈ ధర అడిగినా కుదరదు. క్లినిక్ పేషెంట్ అయ్యుండాలి, రికార్డు అక్కడ ఉండాలి, చీటీ అక్కడి వైద్యం లోంచి రావాలి. మందు కోసమే పేరు రాయించుకుందాం అనుకుంటే వాళ్ళు మిమ్మల్ని కూర్చోబెట్టి బీపీ, షుగరు, పళ్ళు, డిప్రెషన్ ప్రశ్నలు అన్నీ పూర్తి చేశాకే పంపిస్తారు (అదీ మంచిదే, బాబాయికి పన్ను పీకాల్సిన సంగతి అక్కడే తేలింది). పాత జెనరిక్ మందులొక్కటే వాడేవాళ్ళయితే నాలుగు డాలర్ల లిస్టో, వ్యాపారవేత్త మార్క్ క్యూబన్ పెట్టిన కాస్ట్ ప్లస్ డ్రగ్స్ లాంటి ఆన్‌లైన్ ఫార్మసీయో సరిపోతుంది. కాస్ట్ ప్లస్ వాళ్ళు కొన్న ధర మీద 15 శాతం వేసుకుని లేబర్, షిప్పింగ్ ఛార్జీలు విడిగా చూపిస్తారు, ఆ లెక్క నాకు నచ్చుతుంది, కానీ ఖరీదైన బ్రాండెడ్ మందులన్నీ అక్కడ ఉండవు.

గ్రీన్ కార్డు ప్రాసెస్‌లో ఉన్నవాళ్ళు పబ్లిక్ ఛార్జ్ భయంతో, అంటే ప్రభుత్వానికి భారమవుతారని కార్డు ఆపేస్తారేమోనని, ఇలాంటి చోటికి వెళ్ళరు. 2022 నాటి నిబంధనల్లో లెక్కలోకి తీసుకున్నది నగదు సాయాన్నీ, ప్రభుత్వ ఖర్చుతో దీర్ఘకాలం సంస్థల్లో ఉండటాన్నీ, కమ్యూనిటీ క్లినిక్‌లో డాక్టర్ని చూడటాన్ని కాదు. అయితే ఇమిగ్రేషన్ రూల్స్ మారే కాలం ఇది, మీ లాయర్‌ని ఒక్క ఈమెయిల్ అడిగి వెళ్ళండి, ఊళ్ళో అంకుల్‌ని కాదు.

ప్రాక్టికల్‌గా కొన్ని మాటలు. కార్డు ముందూ వెనకా ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి, రీఫిల్‌కి వెళ్ళినప్పుడు మందు ప్యాక్ చేయకముందే చూపించండి, ఒకసారి క్యాష్‌కి కొట్టేశాక వెనక్కి తీసుకోవడం వాళ్ళకీ తలనొప్పి. ధర ఎక్కువ చెబితే కొనేయకుండా, అలాగని బయటికి వచ్చేయకుండా "దీన్ని స్లైడింగ్ ఫీ కార్డు మీద మళ్ళీ రన్ చేయండి" అని అడగండి, ఈ ఒక్క వాక్యం బాబాయికి ఇంగ్లీషులో రాసి పర్సులో పెట్టాను. ఆదాయ పత్రాలకి గడువు ఉంటుంది, అది దాటితే కార్డు చడీచప్పుడు లేకుండా ఆగిపోతుంది, ఎవరూ మెసేజ్ పంపరు. క్లినిక్‌కి ఫోన్ చేసే కన్నా పేషెంట్ పోర్టల్లో మెసేజ్ పెడితే ఒకటి రెండు రోజుల్లో జవాబు వస్తోంది. మందు పక్క షాపులో కంపెనీ షరతు వల్ల రావట్లేదని చెబితే, ఆర్కాన్సాలో ఉన్నవాళ్ళు ఏ కంపెనీ, ఏ మందు, ఏ తేదీ అన్నది రాసుకుని క్లినిక్ ఫార్మసీ మేనేజర్‌కి ఇవ్వండి, ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్ దాకా తీసుకెళ్ళాల్సింది వాళ్ళే.

షాపు వాళ్ళు కౌంటర్ స్టాఫ్‌కి ఈ కార్డు గురించి సరిగ్గా నేర్పిస్తే నాలుగో స్టారు ఇస్తా. క్లినిక్ వాళ్ళు ఆ ఫోన్ సంగతి చూస్తే మిగిలిన అరా కూడా.